నాలుగు పేజీల దరఖాస్తు

ఊరి గుళ్లలో పూజ చేసుకునే మన అయ్యగార్లకు ఈ మాటలు. దరఖాస్తులు రాయడం తెలిసినవాళ్లు వీటిని ఒప్పుకోరు.

ఒక కాగితంలో ఒకే బాధ రాయాలంటారు. వినకండి. ధూపదీప నైవేద్యం డబ్బులు ఆగినయని రాసే కాగితంలోనే, గుడి వెనకింట్లో బీడీలు చేసే ఆమెకు నెలలో సగం రోజులు ఆకు ఇస్తలేరని రాయండి. గల్ఫ్ పోయినాయన పైసలు పంపక ఎన్ని నెలలైందో రాయండి. ఎవరింట్లో బియ్యం నిండుకున్నయో ముందు తెలిసేది మనకే. కొబ్బరికాయ తెచ్చే మనిషి ఉత్త అగరుబత్తితో వస్తుంది. కొన్నాళ్లకు అదీ ఉండదు, దండం పెట్టి పోతుంది. ఇంత చూసి మన పేరొక్కటే రాసుకుంటే ఎట్లా?

ఒకసారి ఒక ఆఫీసులో నా నాలుగు పేజీలు తిప్పి ఇచ్చి, 'అయ్యగారూ, మీదొక్కటే రాసుకొని రండి' అన్నారు. మరుసటి వారం ఐదు పేజీలు తీసుకుపోయిన.

లెక్క దాచకండి. 2007లో ధూపదీప నైవేద్యం పథకం మొదలైనప్పుడు గుడికి నెలకు 2,500 రూపాయలు. 2023లో మన తెలంగాణలో 6,000 నుంచి 10,000కు పెంచారు. అందులో 4,000 స్వామివి, 6,000 మనవి. స్వామి నాలుగు వేలల్లోంచి పిల్ల ఫీజు కట్టి ఉంటే అదీ రాయండి. ఆడిట్‌లో చిక్కొస్తుందని భయపెడతారు. రానీయండి, ఆరు వేలతో ఇల్లెట్ల నడుస్తుందో వాళ్లూ చూస్తారు.

సిరిసిల్ల కలెక్టరేట్‌లో దరఖాస్తులు తీసుకునే ప్రజావాణి సోమవారమే. శివుడి గుడికీ అదే పెద్ద రోజు. ఆ ఒక్క పూట అభిషేకం ఆపండి. 'అయ్యగారు కలెక్టరేట్‌కు పోయిండు' అని పలక రాసి తలుపుకు వేలాడదీయండి. చెంబుతో నీళ్లు పట్టుకొచ్చినవాళ్లలో ఇద్దరైనా మీ వెంట బస్సెక్కుతారు.

మసీదు ఇమామ్ సాబ్‌ను కూడా పిలవండి. ఆయనకు నెలకు వచ్చే గౌరవ వేతనం 5,000. దేవాదాయ శాఖ వేరు, వక్ఫ్ బోర్డు వేరు, ఇద్దరి సంతకాలూ ఒక కాగితం మీద చెల్లవంటారు. వేములవాడలో కోడె మొక్కు చెల్లించి, రాజన్న గుడి ప్రాంగణంలోని దర్గాకూ దండం పెట్టుకుంటూ పెరిగినవాళ్లం మనం. కాగితం వెనక్కి వస్తే వచ్చే సోమవారం మళ్లీ అదే ఇవ్వండి.

పోయే ముందురోజు సాయంత్రం గుడి అరుగు మీద కూర్చొని మొత్తం గట్టిగా చదవండి. లెక్క తప్పితే బీడీలామె దిద్దుతుంది.