రెండు వారముల ద్రోణుడు

ఘానా దేశపు సముద్రతీరమున, కేప్‌కోస్ట్ పట్టణపు టంచున నున్న ఎఱ్ఱమట్టి మైదానములకు వేసవి సెలవులలో నేగినవారికి, మెడలో ఈల, చంకలో పరీక్షలకు పిల్లలు పట్టుకుపోవునట్టి అట్ట, ముక్కుపై ఎండ సోకకుండ పూసికొన్న తెల్లని లేపనము, వీపున నారింజరంగు ప్లాస్టిక్ శంకువుల దొంతి గలిగి, ఇంగ్లండునుండియో అమెరికానుండియో స్వవ్యయముతో విచ్చేసి, బీదదేశపు బాలురకు ఫుట్‌బాల్ నేర్పి తరింపదలచిన యువకుడొకడు దర్శనమిచ్చును. స్వవ్యయమంటిని గాని, విమానపు టిక్కెట్టుకును, తన్నిచ్చట దింపిన సంస్థవారి రుసుముకును సొమ్మిచ్చినది తండ్రిగారు. స్వచ్ఛందత మాత్రము కుమారునిది.

దానమనునది ఇచ్చువానికడ నుండి, పుచ్చుకొనువానికడ లేనప్పుడు గదా శోభించుట! చిక్కేమనగా, ఈ దేశపు పదునేడేండ్లలోపు బాలురు 1991లో నొకమారును, 1995లో నొకమారును ప్రపంచవిజేతలైరి. 2009లో ఇరువదేండ్లలోపువారు కైరోలో బ్రెజిలునే ఓడించి కప్పు పట్టుకుపోయిరి. మన గురువుగారో, స్వగ్రామమున బడిజట్టులో అదనపు ఆటగాడై మూడేండ్లు బల్లపై గూర్చుండినవారు. బల్లమీదనుండి ఆట మిక్కిలి చక్కగా గనబడునన్న మాట నేనును ఒప్పుకొందును.

తొలిదినమున ఆయన ఎనిమిది శంకువులను వరుసగా నిలిపి, వాని నడుమ బంతిని నడపుటెట్లో పావుగంటసేపు హస్తాభినయముతో బోధించెను. "ఓబ్రూని" (అనగా తెల్లవాడు) చెప్పుచున్నాడుగదా యని పిల్లలు మర్యాదగా వినిరి. పిమ్మట తొమ్మిదేండ్ల కోఫీ (అచ్చట శుక్రవారమున బుట్టిన మగవాడెల్ల కోఫీయే) వట్టికాళ్లతో బంతిని ఎనిమిదింటి నడుమను పాదరసమువలె జార్చుకొనిపోయి, తుదకు గురువుగారి కాళ్లసందునుండియు దూర్చి ఆవలకు దాటించి, "తప్పయినది కోచ్, మీరు తొమ్మిదవది యనుకొంటిని" అనెను.

మంగళవారము మఱింత కష్టము. ఆనాడు సముద్రమున వల వేయరాదని అచ్చటి కట్టడి. కావున జాలరులైన అన్నలందఱును మైదానమునకే దిగుదురు. ఇరువదిమంది నలువదిమంది కాగా, గురువుగారు శిక్షకపదవినుండి మధ్యవర్తిత్వమునకును, అందును ఎవ్వరును ఈల వినకపోవుటచే గోలుల లెక్కకును, ఆ లెక్క పిల్లలకే బాగుగా దెలిసియుండుటచే తుదకు చెప్పుల కాపలాకును క్రమముగా దిగిరి. చెప్పులు మాత్రము ఒక్కటియు పోలేదు. ఆ రాత్రి ఇంటికి, "నేను వీరికి నేర్పినదానికంటె వీరు నాకు నేర్పినదే యెక్కువ" యని వ్రాసిరి. ఇట్టి స్వచ్ఛందులందఱును వినయమునకై వ్రాయు వాక్యమే యిది. పాప మీయన విషయమున అది అక్షరసత్యము.

భారతమున రాకుమారుల బంతి నూతబడగా దానిని పైకి దీసి కొలువు సంపాదించినవాడు ద్రోణుడు. కడపటిదినమున మన ద్రోణుడు తన్నిన బంతి వీధిప్రక్క మురుగుకాలువలో బడినది. ఆయన గట్టున నిలిచి పుల్లకై వెదకుచుండగనే, కోఫీ దిగి, బంతిని పాదముతో పైకెగరవైచి, చొక్కాతో దుడిచి ఆయన చేతబెట్టి, "వ్రేళ్లతో గాదు కోచ్, పాదపు లోపలిప్రక్కతో, ఇదిగో, ఇట్లు" అని రెండుమార్లు చూపి, దక్షిణగా బూట్లడిగెను.

గురువుగారు ఆ రాత్రి అక్రాలో రబ్బరుచెప్పులతో విమానమెక్కిరి. మఱునాటి ప్రొద్దుట కోఫీ మైదానపు గట్టున గూర్చుండి, ఆ పదవ నంబరు బూట్ల ముందుభాగమున పాతకాగితములు కుక్కుకొనుచుండెను.