మిలిటరీ డ్రోన్లు చేయబోయే ఉయ్యూరు వారికి కొన్ని ఉచిత సలహాలు

నిన్నటిదాకా చేలల్లో మందు కొట్టే డ్రోన్లు అమ్మారు. ఇప్పుడు తనంతట తానే ఎగిరి, చూసి, తిరిగొచ్చే డ్రోన్లు ఆర్మీకి ఇస్తామంటున్నారు. శుభం. పామర్రు అవతల నిమ్మలూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు నైట్ విజన్ ఫ్యాక్టరీ పెట్టగా లేనిది, మీకేం తక్కువ?

ముందుగా, లోపాలు వెతక్కండి. వెతికితే దొరుకుతాయి. దొరికితే బాగుచెయ్యాలి. ఈలోగా బిల్లు ఆగిపోతుంది.

చెరకు కొట్టేసిన చేలో, గాలి లేని పొద్దున పూట, చుట్టూ మనవాళ్లే ఉండగా ట్రయల్ వేయండి. దొంగ సిగ్నల్‌తో జీపీఎస్‌ను మభ్యపెట్టి చూద్దామనే వాణ్ణి ఆ రోజు సెలవు మీద పంపండి.

బోర్డు చైనాదైతే పేరు గీకేసి స్వదేశీ స్టిక్కర్ అంటించండి. చైనా భాగాలున్నాయని 2025 ఫిబ్రవరిలో ఆర్మీ 400 డ్రోన్ల కాంట్రాక్టులు రద్దు చేసిందంటే, పాపం జిగురు మంచిది వాడి ఉండరు.

వీడియోకి ఎన్‌క్రిప్షన్ దండగ. అమెరికా ప్రిడేటర్ డ్రోన్లు పంపే వీడియోను ఇరాక్‌లో మిలిటెంట్లు 26 డాలర్ల సాఫ్ట్‌వేర్‌తో చూసేశారని 2009లో బయటపడింది. ఆ కన్నం సంగతి బోస్నియా రోజుల నుంచీ పైవాళ్లకు తెలుసు. అయినా కొంప మునిగిందా?

పాస్‌వర్డ్ మీ ఊరి అమ్మవారి పేరుతో 'వీరమ్మతల్లి123' చాలు, తిరునాళ్లకొచ్చిన లక్షలమందిలో ఎవరికి తడుతుంది! ఆయుధాల సైబర్ భద్రత మీద 2018లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ ఇచ్చిన రిపోర్టు చూడండి. ఒకచోట పరీక్షించేవాళ్లు అడ్మిన్ పాస్‌వర్డ్‌ను 9 సెకన్లలో పట్టేశారు. మరోచోట ఆపరేటర్ల స్క్రీన్ల మీద 'ఆట కొనసాగాలంటే రెండు నాణేలు వేయండి' అన్నట్టు మెసేజ్ పెట్టారు, వీడియో గేమ్ షాపులో లాగా.

ఇక అసలు శత్రువు సంగతి. ఏ ఇంజనీరింగ్ కుర్రాడో వచ్చి, "అన్నా, రిమోట్ లేకుండా నా లాప్‌టాప్‌తోనే మీ డ్రోన్ దించేశాను, ఎలాగో చూపిస్తా" అంటాడు. టీ కూడా ఇవ్వకండి. నేరుగా స్టేషన్‌కి ఫోన్ కొట్టండి. కేసు పడితే వాడి నోరు మూతపడుతుంది, కన్నం మాత్రం ఎక్కడికీ పోదు. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి చెప్పుకొమ్మని మాత్రం పొరపాటున కూడా అనకండి. వాళ్లు నిజంగానే వింటారు.

ఎవరైనా లోపాల జాబితా ఇస్తే రసీదిచ్చి ఫైల్లో పెట్టండి. ఆ అమెరికా ఆడిట్ రిపోర్టులోనే ఉంది: ఒక వ్యవస్థలో 20 లోపాలు చూపిస్తే, మళ్లీ వెళ్లేసరికి సరిచేసింది ఒక్కటి. ఏమయ్యా అంటే, కాంట్రాక్టరు పొరపాటన్నారు అధికారులు. ఇక్కడ కాంట్రాక్టరు మీరే కాబట్టి, ఒక సబ్‌కాంట్రాక్టర్ని ఇప్పుడే చూసి పెట్టుకోండి.