ఉరికి బారసాల ముహూర్తం

సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్ష దానంతట అది అమలు కాదు. ముద్దాయి అప్పీలుకు వెళ్లినా వెళ్లకపోయినా రికార్డు మొత్తం హైకోర్టుకు చేరాలి. ఇద్దరు జడ్జీలు సాక్ష్యాలన్నీ మొదటినుంచీ చదివి ఖరారు చేయాలి, తగ్గించాలి, లేదా కొట్టేయాలి. నిన్నటిదాకా ఇది సీఆర్‌పీసీ 366, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 407. హైదరాబాద్ పాతబస్తీలో మూసీ ఒడ్డున, 1920 నుంచి నిలబడ్డ ఎర్రరాతి భవనంలో జరిగే ఈ పనికి టీవీ చర్చలు పెట్టిన పేరు ‘సాగదీత’. 2025 ఏప్రిల్ 8న దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో అయిదుగురి ఉరిని హైకోర్టు ఖరారు చేయగానే పాత పాటే అందుకున్నారు: ఎలాగూ ఖరారు చేసేదానికి మధ్యలో ఈ తతంగం దేనికని.

ఈ తొందరకు శాస్త్రప్రమాణం అత్యాచార నేరాల కోసం తెచ్చిన ఆంధ్రప్రదేశ్ దిశ బిల్లు. 2019 డిసెంబరు 13న అసెంబ్లీ ఆమోదించింది. దర్యాప్తుకు ఏడు పనిదినాలు, విచారణకు పద్నాలుగు, వెరసి ఇరవై ఒకటి. బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున బారసాల చేస్తారని అందరికీ తెలుసు. ఉరికీ అదే ముహూర్తం పెట్టిన సిద్ధాంతి ఎవరో తెలియదు.

బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం రాలేదు. దాని పేరుతో పోలీస్ స్టేషన్లు మాత్రం వెలిశాయి, ఫోన్లలోకి యాప్ వచ్చింది, రిబ్బన్లు తెగాయి. పుట్టని చట్టానికి పేరు పెట్టి ఊరేగించారు.

ఆ ఇరవై ఒక్క రోజుల్లో ఫోరెన్సిక్ నివేదిక వస్తుందా అని అడిగినవాడు నేరస్థుడి పక్షం. ల్యాబులో సిబ్బందిని పెంచితే ఫ్లెక్సీ మీద వేసుకోవడానికి ఏముంటుంది?

బిల్లు ఆమోదానికి వారం ముందు చటాన్‌పల్లిలో ‘దిశ’ హత్యాచార కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపినప్పుడు ఆ ముహూర్తం కోసం కూడా ఆగలేదు. కాల్చిన పోలీసుల మీద జనం పూలు చల్లారు. చంపే ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని 2022లో బయటికొచ్చిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక చెప్పింది.

హైకోర్టు పరిశీలన ఎందుకో చూడండి: విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబరులో బీఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2010లో విజయవాడ కోర్టు నందిగామ ప్రాంతపు పేద యువకుడికి జీవితఖైదు వేసింది. 2017 మార్చి 31న ఇదే మూసీ ఒడ్డు భవనంలో జస్టిస్ సి.వి. నాగార్జునరెడ్డి, జస్టిస్ ఎం.ఎస్.కె. జైస్వాల్ అతన్ని నిర్దోషిగా విడుదల చేశారు, దర్యాప్తు అధికారులపై చర్యకు ఆదేశించారు, లక్ష రూపాయలు ఇప్పించారు. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లో మగ్గాడు. అతనికి ఉరి వేసి, ఇరవై ఒక్క రోజుల్లో పని ముగించి ఉంటే ఆ లక్ష ఎవరి చేతిలో పెట్టేవారు? సమాధికా? అమ్మాయి తల్లిదండ్రులకు దక్కిందేమిటి? 2019లో సీబీఐ వచ్చి పూడ్చిన శవాన్ని మళ్లీ తవ్వింది. బాధితుల పేరు చెప్పి తొందరపెట్టేవాళ్లు ఆ తల్లి ముందు నిలబడి రోజులు లెక్కపెట్టాలి.

హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాప హత్యాచార కేసులో 2019 ఆగస్టులో పడిన ఉరిని నవంబరులో హైకోర్టు తగ్గించింది. వదిలేశారని గగ్గోలు. వదల్లేదు, ఆఖరి శ్వాస దాకా జైలే. మహారాష్ట్ర కేసు ఒకదానిలో 2009లో ఆరుగురికి ఉరి అన్న సుప్రీంకోర్టే 2019లో ఆరుగురూ నిర్దోషులంది.

దిల్‌సుఖ్‌నగర్ శిక్షలు పడింది 2016 డిసెంబరులో. ఖరారుకు ఎనిమిదేళ్లు దాటడం సిగ్గుచేటే. బుద్వేల్‌లో వంద ఎకరాల్లో కొత్త హైకోర్టుకు 2024లో శంకుస్థాపన చేశారు. భవనం ఒక్కటే చాలదు; రోజుల లెక్కలు చెప్పే నాయకులు ముందు జడ్జీల ఖాళీలు నింపాలి.