జేసీబీకి సర్వర్ డౌన్ ఉండదు

మా సైబరాబాద్‌లో మొరాయించని యంత్రమంటూ లేదనుకునేవాణ్ణి. 2024 జులై 19, శుక్రవారం. సైబర్ భద్రత కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ వదిలిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌కు లోకంలో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిముఖం పెట్టాయి. శంషాబాద్‌లో బోర్డింగ్ పాసు పెన్నుతో రాసిచ్చారు. ఎర్రబస్సు కండక్టరు చేతిలోనైనా టికెట్టు మిషనుంటుంది! ఇక భూముల లెక్కలకు ధరణి పోర్టల్ ఉన్న రోజుల సంగతంటారా, తహసీల్దారు ఆఫీసు మెట్ల మీద కూర్చున్న ఏ రైతునడిగినా రెండే ముక్కల్లో చెప్పేవాడు: సర్వర్ డౌన్.

2025 మార్చి చివరి వారం, ఫొటోలను జపాన్ కార్టూన్ బొమ్మలుగా మార్చే ఘిబ్లీ జాతర మొదలైంది. పిల్లాజెల్లాతో సహా అందరికీ గుడ్లంత కళ్లు మొలిచాయి. నేనూ ఇంటిల్లిపాది ఫొటో చాట్‌జీపీటీకి పంపాను. కాసేపాగి రమ్మంది. అడిగినవాళ్లందరికీ బొమ్మలు వేసిపెట్టలేక తమ జీపీయూలు కరిగిపోతున్నాయని మార్చి 27న దాని యజమాని సామ్ ఆల్ట్‌మన్ అంతటివాడే మొత్తుకున్నాడు.

మూడు రోజులకే ఉగాది. మేం పచ్చడి నంజుకుంటుంటే, సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి జేసీబీలు దిగాయి. మర్నాడు రంజాన్. ఆఫీసులకు సెలవు, కోర్టులకు సెలవు, జేసీబీకి లేదు. స్లాట్ బుకింగ్ లేదు, ఓటీపీ లేదు, లోడు ఎక్కువైందన్న గొణుగుడు లేదు. పగలూ రాత్రీ పని చేశాయి. అడ్డుపడిన విద్యార్థులను పోలీసు వ్యాన్లు ఎక్కించుకుపోయాయి. అక్కడి నెమలికి ‘కాసేపాగి ప్రయత్నించండి’ అన్న మెసేజీ అయినా రాలేదు. ఇంతకీ ఆ నేల ఎందుకట? ఐటీ పార్కుకట! మరిన్ని సర్వర్లు మొరాయించడానికి చోటు కావాలి కదా.

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంటేగానీ జేసీబీ ఆగలేదు. అప్పుడు రాష్ట్ర సర్కారుకు కోపం వచ్చింది. చెట్లు కొట్టినందుకు కాదు, బొమ్మలు గీసినందుకు. ఏఐతో నకిలీ చిత్రాలు చేసి జనాన్ని రెచ్చగొట్టారంది. నకిలీవి ఉన్నాయి, కాదనను. కానీ అక్కడి మష్రూమ్ రాక్ అనే బండ ముందు జేసీబీలు, నెమళ్లు, జింక ఉన్న ఘిబ్లీ బొమ్మను చూసి వార్తాచిత్రమని మోసపోయే అమాయకుడు ఈ ఊళ్లో ఉంటాడా? ఆ బొమ్మను తన ఖాతాలో పంచుకున్న ఐఏఎస్ అధికారి స్మితా సబర్వాల్‌కు గచ్చిబౌలి పోలీసులు నోటీసిచ్చారు. రెండు వేల మంది పంచుకున్నారు, అందరికీ ఇస్తారా అని ఆమె తిరిగి అడిగారు. ఇవ్వబోతే మాత్రం నోటీసుల సర్వర్ తట్టుకుంటుందా?

బొమ్మలు వేసి వేసి అక్కడ యంత్రం కరిగింది. ఒక్క బొమ్మ చూసి ఇక్కడ సర్కారు ఉడికిపోయింది. ఏప్రిల్ 16న సుప్రీంకోర్టు, పోయిన 100 ఎకరాల పచ్చదనాన్ని ఎలా తిరిగి తెస్తారో పథకం పట్టుకురమ్మంది.

అయ్యా, ఆ బొమ్మలో నెమళ్లు గీసినవే. జింకా గీసినదే. జేసీబీలు మాత్రం మీరు పంపినవే.