'అప్పుడే కొనుంటేనా!' - టీకాతాత్పర్యసహితము

మూలము: అప్పుడే కొనుంటేనా!

అవతారిక: ఉద్యోగవిరమణానంతరము ప్రాతఃకాలమున పార్కులోని సిమెంటు బల్లపై చేరగిలబడి, మోకాళ్లు నిమురుకొనుచు, మాదాపూరు దిక్కునకు చూపు సారించి హైదరాబాదు వృద్ధులు దీర్ఘనిశ్వాసపూర్వకముగా పఠించు ఈ వాక్యమునకు ఇంతవరకు ఎవ్వరును టీక వ్రాయకుండుట వాఙ్మయమునకు లోటని తలచి, నాకు కలిగినపాటి వ్యాకరణముతో నేనే పూనుకొనుచున్నాను. ఆధారము లేనిదియు అక్కఱ లేనిదియు వ్రాయనని ప్రతిన పట్టిన కొలచల మల్లినాథసూరి మన మెదకు సీమవాడే. అందు రెండవ నియమమును నేను పాటింపజాలనని ముందే మనవి చేయుచున్నాను. మూలకర్తయు టీకాకర్తయు ఒక్కడే యగుట దోషము కాదు. ఇచట జరిగినదియు అదియే.

టీక: అప్పుడే = 1994వ సంవత్సరముననే; అనగా మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభమగుటకు నాలుగేండ్లు ముందు, 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు గుండ్లును, సీతాఫలపు పొదలును, వాని నడుమ నా సహోద్యోగి స్కూటరుపై కొనిపోయి చూపిన 200 గజముల స్థలమును తప్ప అచ్చట నా కంటికి మఱేమియు ఆననినాడు. తుది 'ఏ' అవధారణార్థకము; ఆ ఒక్క అక్షరమే నిద్ర చెఱచునది. కొని = క్రయము చేసి. ఉంటే = చిన్నయసూరి బాలవ్యాకరణమున చేదర్థకమని పిలిచిన, 'ఐనచో' అను అర్థము గల, రూపమునకు వాడుకభాషలోని దౌహిత్రుడు. తుది 'ఆ' ప్రశ్నార్థకమైనను ఇచట ప్రశ్నయు లేదు, ప్రత్యుత్తరమిచ్చువాడును లేడు. 'నా' అనునది షష్ఠీవిభక్తియనియు, 'నాది' అనబోయి సగమున ఆగినదనియు కొందఱందురు. ఈ వ్యాఖ్య హృదయమునకు ఇంపైనదే గాని వ్యాకరణము ఒప్పదు.

విచారణ: ఇది అసలు వాక్యమగునా? పదముల కూర్పు వాక్యార్థము నీయవలెనన్న ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును ఉండవలెనని తర్కసంగ్రహమున అన్నంభట్టు చెప్పెను. ఆకాంక్షకు ఇచట కొదవ లేదు, ఉన్నదంతయు అదియే. సన్నిధి యన పదములు విలంబము లేక ఉచ్చరింపబడుట. 'కొని' అనునది 1994లోను, దానికి రావలసిన ఫలము ఈనాటి ధరలలోను ఉండుటచే అదియు భగ్నమైనది. ఇక యోగ్యత మాట. నిప్పుతో తడుపుమన్న ఎట్లు పొసగదో ఇదియు అట్లే పొసగదని తెలియుటకు కారకములను ఒక్కొక్కటిగా అడిగి చూడవలెను. ఎవడు కొనును? నేను. దేనిని? 200 గజములను. దేనితో? ఇచ్చటనే నా వాక్యము కూలినది. ఆ ఏడు నా చేత నున్న సొమ్ములో సగము మా నాయనగారి కంటి శుక్లముల ఆపరేషనుకును, మిగిలినది మా పెద్దమ్మాయి కాలేజీ ఫీజుకును పోయెను. ముప్పది ఏండ్లుగా కర్తను, కర్మను వల్లించుచు కరణకారకమును ఒక్కమాఱైనను అధ్యాహారము చేయనైతిని. చేసియుండిన, ఆ స్థలమునకు వెలగా మా నాయనగారు చివరి ఆఱేండ్లు స్వయముగా చదువుకొన్న దినపత్రికను లాగికొనవలసివచ్చెడిదని తెలిసియుండెడిది.

అలంకారము: సంభావన. ఇట్లైనచో అట్లగునని ఊహించుట దీని లక్షణమని కువలయానందమున అప్పయ్యదీక్షితులు నిర్వచించిరి. పురోహితులకు ముట్టు సంభావనకును దీనికిని పేరు తప్ప వేఱు పోలిక లేదు. ఇందు పైకము రాదు.

పాఠాంతరములు: మా ఇంటిదాని పాఠము ఇట్లున్నది: "కొనుంటే, తొందరపడి అమ్మకుండా ఉంటేనా అనేవారు. అమ్మకుండా ఉంటే, ఆ పక్కదీ కొనుంటేనా అనేవారు. కాఫీ చల్లారిపోతోంది, తాగండి." ఈమె వ్యాకరణము చదువలేదు; చేదర్థకమునకు అంతము లేదన్న సంగతి నాకంటె ముందు గ్రహించినది.

రెండవది ప్లాట్లమ్ము కుఱ్ఱవానిది. వాడు పార్కు వాకిట నిలిచి, "ఇప్పుడే కొనండి సార్, మళ్ళీ దొరకదు" అని షాద్‌నగర్ అవతలి వెంచరు కాగితమును నా చేత పెట్టెను. అకారమునకు ఇకారము ఆదేశమగుటయే భేదము, రోగము ఒక్కటే. తప్పిపోవునేమో అను భయము, రాబోవు పశ్చాత్తాపమునకు ముందే చెల్లించు బయానా. నాకు అరువది తొమ్మిది ఏండ్లు. వాడు చెప్పిన ఔటర్ రింగురోడ్డు లెక్కల ప్రకారము ఆ స్థలము పక్వమగునాటికి ఎనుబది దాటును. ఆ రాత్రి నిద్ర పట్టలేదని ఒప్పుకొనుటకు సిగ్గుపడను. తెల్లవాఱి 'దేనితో?' అని అడిగికొంటిని. పింఛనుతో అని జవాబు వచ్చెను. ఆ నెల పింఛనుతో మేమిద్దరము ఎన్నాళ్లుగానో అనుకొనుచున్న అంతర్వేదికి పోయి, గోదావరి సముద్రమున కలియు చోట ఒక పూట కూర్చుండి వచ్చితిమి.

తాత్పర్యము: డబ్బు లేదు; కొనలేదు.

ఈ టీక ఆ వెంచరు కాగితము వెనుకవైపున వ్రాయబడినది. ఆ వైపున వాడేమియు అచ్చు వేయింపలేదు.