టూరు బావగారు

పిల్లల పరీక్షలు దగ్గరపడుతున్నాయనగా ప్రతి తెలుగు బంధువర్గంలోనూ ఒక పెద్దమనిషిలో చురుకు పుడుతుంది. వయసు నలభై అయిదు దాటి ఉంటుంది. ఉద్యోగం ఏ బ్యాంకులోనో బీమా ఆఫీసులోనో, కాకపోతే జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పడం. సాధారణంగా ఆ ఇంటి పెద్దల్లుడు. బావమరుదులకీ మరదళ్లకీ ఎలాగూ బావగారే, వరస వేరైనవాళ్లు కూడా ఆయన చాటున ఆ పేరుతోనే పిలుస్తారు. వేసవి సెలవుల్లో పదిమందిని పోగేసి, బస్సో రైలో ఎక్కించి, నాలుగు ఊళ్లు తిప్పి, ఒక్క తలా తగ్గకుండా ఇంటికి చేర్చే బాధ్యత ఆయనది. ఈ టూరు బావగారి మీద ఇంటిల్లిపాదికీ ఒకటే ఫిర్యాదు: సెలవులని చెప్పి తీసుకెళ్లి అందరిచేతా ఆఫీసు పని చేయిస్తాడని. ఫిర్యాదులో అబద్ధం లేదు. ముద్దాయిని పట్టుకోవడంలోనే పొరపాటు జరిగిందని నా వాదన. బావగారు పుట్టుకతో అలాంటివాడు కాడు. తనకేం కావాలో నోరు విప్పి చెప్పని కుటుంబం తన అవసరం కొద్దీ ఆయన్ని తయారు చేసుకుంది.

ముందు ఆయన మీదున్న సాక్ష్యాలు చూద్దాం, అవి తక్కువేం కాదు. విశాఖపట్నం, అరకు టూరునే తీసుకోండి. మూడు రోజుల్లో సముద్రం, కొండ, గుహ, గుడి అన్నీ తగులుతాయి కాబట్టి బావగార్లకి అది మహా ప్రీతి. ఆయన కార్యక్రమం ఒక ఏ4 కాగితం మీద గళ్లు గళ్లుగా అచ్చయి, లామినేషన్ కూడా చేయించుకుని ఉంటుంది. '4.30 నిద్ర లేచుట. 4.30 నుండి 5.15 వరకు స్నానములు. బాత్‌రూములు 2, మనుషులు 10, ఒక్కొక్కరికి 9 నిమిషములు.' మామూలుగా మాట్లాడే మనిషే, ప్రోగ్రాం రాసేటప్పుడు మాత్రం పెళ్లి శుభలేఖ భాషలోకి దిగిపోతాడు. పులిహోర రెండోరోజు పొద్దుటిదాకా ఆగుతుంది, దద్దోజనం ఆగదు గనక ఏ డబ్బా ముందు విప్పాలో కూడా ఆ కాగితంలోనే ఉంటుంది. పెట్టెలన్నిటికీ కలిపి ఒక గొలుసు, దానికో తాళం, ఆ తాళంచెవి ఆయన బనీనుకి పిన్నీసుతో. వాట్సాప్‌లో ఈ టూరు కోసమే ఒక గ్రూపు పెడతాడు. అందులో అడ్మిన్ తప్ప ఎవరూ మెసేజి పెట్టడానికి వీల్లేదు. అడ్మిన్ ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఇక ప్రయాణం. విశాఖ నుంచి పొద్దున్నే కిరండూల్ వెళ్లే రైల్లో అరకు ఎక్కుతారు. ఆ దారి మనలాంటి సరదారాయుళ్ల కోసం వేసింది కాదు. బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపానుకు ఎగుమతి చేయడానికని 1960లలో కొండలు తొలిచి వేశారు. 2017లో పెద్దపెద్ద అద్దాల విస్టాడోమ్ పెట్టె తగిలించాక, ఖనిజం పోయే దారిలో మనమూ చూపుల కోసం పోతున్నాం. దారిలో 50కి పైగా సొరంగాలు. సొరంగం రాగానే పెట్టె మొత్తం ఒక్క గొంతుతో కేక పెడుతుంది, పిల్లలతో పాటు రిటైరైన తాతలు కూడా. ఆ చీకట్లో కేక పెట్టకుండా, ఫోను టార్చి వేసి, కాగితం మీద టైము సరిచూసుకునే మనిషి ఒక్కడే ఉంటాడు. రైలు బయటపడి ఓ పక్క లోయ విచ్చుకునేసరికి ఆయన ఇంకా టార్చి ఆర్పే పనిలోనే ఉంటాడు. సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషను వస్తే దాని ఘనత అందరికీ చదివి వినిపిస్తాడు గాని తను మాత్రం తల తిప్పడు. దిగాల్సింది అరకులో, సామాను ఇప్పుడే తలుపు దగ్గరికి చేరాలి మరి. తిరుగుదారిలో బొర్రా గుహలకి 50 నిమిషాలు కేటాయిస్తాడు, మెట్లు దిగడం, ఎక్కడం అందులోనే. యుగాల తరబడి సున్నపురాతి మీద నీరు బొట్టుబొట్టుగా జారి కట్టిన గుహ అది. అంత నింపాదిగా తయారైన చోటుని అంత హడావిడిగా చూడడమే ఆ టూరు మొత్తంలో పెద్ద జోకు.

విశాఖ బీచి రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర ఇంకో దృశ్యం చూడాలి. 1969లో నౌకాదళంలో చేరి, 31 ఏళ్లు సర్వీసు చేసి, 2001లో రిటైరైన జలాంతర్గామి అది. పొడవు 91 మీటర్లు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి రంధ్రంలాంటి ద్వారంలోంచి తల వంచి, కాలెత్తి దూరాలి. మామగారు ఒక కాలు అటు, ఒక కాలు ఇటు వేసి, మోకాలు పట్టేసి మధ్యలో ఆగిపోతారు. వెనకాల క్యూ మొత్తం సలహాలు ఇవ్వడం మొదలుపెడుతుంది. 'ముందు తల పెట్టండి' అని ఒకరు, 'కాదు, వెనక్కి రండి' అని ఇంకొకరు. ఇంతలో బావగారు ఏరీ అంటే, బయట ఎండలో నిలబడి దిగొచ్చేవాళ్లని లెక్కపెడుతుంటారు. ఆయన లోపలికి వెళ్లనే లేదు. సంచుల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా! ఆయన మీద నేరం మోపేవాళ్లు ఈ ఒక్క సాక్ష్యాన్ని మాత్రం ఎప్పుడూ దాటేస్తారు. పదిమందినీ పరుగెత్తించి అన్నీ చూపించిన మనిషి తను పెద్దగా ఏమీ చూడలేదు. మరి ఆ పరుగు ఎవరి కోసం?

దీనికి జవాబు ఏప్రిల్ మొదట్లో, ఏదో ఒక ఆదివారం భోజనాల తర్వాత దొరుకుతుంది. ఎక్కడికెళ్దామని బావగారు అడుగుతారు. "నాదేముంది నాయనా, మీరెక్కడికంటే అక్కడికే," అంటారు అత్తగారు. మామగారు పేపరు దించకుండానే "పిల్లల సరదా" అంటారు. పిల్లలు ఫోనులోంచి తలెత్తకుండా "అక్కడ వైఫై ఉంటుందా?" అంటారు. "మీకు తెలియనిదేముంది అన్నయ్యగారూ," అంటాడు తోడల్లుడు. ఇలా పదిమంది కలిసి ఒక్క ఊరి పేరు చెప్పరు. పోనీ వీళ్లకి కోరికలు లేవా అంటే, టిక్కెట్లు బుక్కయిన మర్నాటి నుంచి ఒక్కొక్కటే బయటపడతాయి. అత్తగారికి సింహాచలం చందనోత్సవం కలిసొస్తే బాగుండనిపిస్తుంది. అప్పన్న చందనం ఒలిపించుకుని నిజరూపంలో కనిపించేది ఏడాదికి ఒక్క అక్షయ తృతీయ నాడే, ఉత్తరాంధ్ర సగం ఆ కొండ మీదే ఉండే రోజు. మరదలికి అరకులో బొంగులో చికెన్ తినాలని ఉంటుంది, లెక్క చూస్తే అరకు చేరేది శనివారం. శనివారం అత్తగారు తినరు, ఇంకొకర్ని తిననివ్వరు. మామగారికి రైల్లో కింది బెర్తు, లాడ్జిలో కింది అంతస్తు కావాలి. పిల్లలకి రుషికొండలో బోటు కావాలి, అదీ ఎండెక్కకముందే. వీటన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి చూస్తే తేలేదే ఆ గళ్ల కాగితం. 4.30కి లేవమనడం పిచ్చిలా కనిపిస్తుంది గాని, ఆ గడి వెనక పిల్లల బోటుంది, మామగారి మోకాలుంది, అత్తగారి శనివారముంది.

ముందే నోరు విప్పకపోవడంలో ఇంకో సౌకర్యం కూడా ఉంది. నిర్ణయంలో వాటా తీసుకున్నవాడికి తర్వాత సణుక్కునే హక్కు పోతుంది. అరకు అని నేనే అన్నాను కదా అని గుర్తొస్తే, లాడ్జిలో వేడినీళ్లు రాలేదని విసుక్కోవడానికి నోరు రాదు. అందుకే తెలివైన కుటుంబాలు ఆ వాటా మొత్తాన్నీ ఒక్క మనిషి పేర రాసిచ్చేసి, తాము కేవలం విమర్శకులుగా రైలెక్కుతాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు: ఆయనకి పెత్తనం అంటే ఇష్టం, అడిగినా అడక్కపోయినా చేస్తాడు, ఎవరూ మాట్లాడకపోవడం వంక మాత్రమే అని. కొంత నిజం. లామినేషను ఎవరూ చేయించమనలేదు. మెడలో ఈల వేసుకుని తిరిగే బావగార్లు కూడా ఉన్నారు, వాళ్ల తరఫున వాదించే ఓపిక నాకు లేదు. అనంతగిరి దగ్గర కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్ల మీదికి పాకిన మిరియం తీగలు కనబడి పిల్లలు "పెదనాన్నా, అయిదు నిమిషాలు ఆపవా" అంటే "ప్రోగ్రాంలో లేదు" అనే మనిషిని ఏ కోర్టూ విడిచిపెట్టకూడదు. కానీ పెత్తనం మీద మోజున్న మనిషికి దానివల్ల నాలుగు సుఖాలైనా దక్కాలి కదా? ఈయనకి రైల్లో మిగిలేది సైడ్ అప్పర్. హోటల్లో కూర్చునేది వాష్‌బేసిన్ పక్క కుర్చీలో. ఫొటోల్లో ఎక్కడైనా ఉంటే ఫ్రేములోకి పొరపాటున వచ్చిన బొటనవేలుగా ఉంటాడు. ఖర్చంతా ముందు ఆయన జేబులోంచి పోతుంది. ఇంటికొచ్చాక తలకి ఇంతని లెక్క తేల్చి పంపితే, ఆ మెసేజి కింద అందరూ ఒక బొటనవేలు గుర్తు పెడతారు, డబ్బు మాత్రం వచ్చే పండక్కి చూసుకుందాంలే అంటారు. (గ్రూపులో ఎవరూ మాట్లాడకూడదన్న నిబంధన ఆయనకి ఎదురు తిరిగేది ఇక్కడే.)

ఇంకో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. ఎక్కువ చోట్లు తిరిగి ఏదీ సరిగా చూడకపోవడం కన్నా, ఒక్క చోటే కూర్చుని హాయిగా గడపొచ్చు కదా అని చదువుకున్న పిల్లలు అడుగుతారు. సరైన మాటే, మళ్లీ రాగలిగినవాళ్లకి. బావగారి లెక్క వేరు. రెండు రాష్ట్రాల్లోనూ బడులు మూతపడేది ఏప్రిల్ చివర్లో, తెరిచేది జూన్ 12న. అంటే లక్షల ఇళ్లకి సెలవులు ఒక్కసారే. అందులో పెళ్లి ముహూర్తాలు తీసెయ్యాలి, ఆవకాయ పెట్టే వారం తీసెయ్యాలి. ఆ వారంలో అత్తగారిని ఇల్లు కదిలించడం రైల్వే మంత్రివల్ల కూడా కాదు. రైలు టిక్కెట్లు ఒకప్పుడు 120 రోజుల ముందు దొరికేవి, 2024 నవంబరు నుంచి 60 రోజులే. ఆ పొద్దున ఎనిమిది కొట్టేసరికి దేశంలో ఉన్న బావగార్లంతా ఒకేసారి బటన్ నొక్కుతారు. దాటిపోతే వెయిటింగ్ లిస్టు, అదీ కదలకపోతే ముందురోజు పదింటికి ఏసీకి, పదకొండింటికి స్లీపరుకి తత్కాల్. పది బెర్తులూ కన్ఫర్మ్ కావాలంటే అది ఒక వ్రతం. అరకు అసలు సీజను ఇది కాదని కూడా ఆయనకి తెలుసు. వలిసె పూలతో లోయంతా పసుపు పరుచుకునేది నవంబరు, డిసెంబరుల్లో. మేలో చాపరాయి దగ్గర నీరు పలచబడి బండలే ఎక్కువ కనిపిస్తాయి. "పోస్టరులో పసుపు పూలేవి?" అని పిల్లలు నిలదీస్తే మాట్లాడకుండా మంచినీళ్ల సీసా అందిస్తాడు. నవంబరులో రావాలంటే బడి మానాలి, బడి మానాలంటే వాళ్లమ్మ ఒప్పుకోవాలి. ఆయన బ్యాంకు ఇచ్చే సెలవుల ప్రయాణ ఖర్చు, అదే ఎల్‌ఎఫ్‌సీ, కూడా ఏటా వచ్చేది కాదు. వచ్చే దఫాకి పెద్దమ్మాయి పెళ్లయి ఉంటుంది, చిన్నవాడు ఇంటర్‌లో ఉంటాడు, మామగారి మోకాలు ఈ మాత్రం కూడా వంగదు. పదిమందీ మళ్లీ ఒక రైలెక్కే అవకాశం ఇంకెప్పుడో తెలియని మనిషి లిస్టు కుదించడానికి జంకుతాడు.

ఆయన్ని పక్కన పెట్టి చూసిన కుటుంబాలూ ఉన్నాయి. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ చేసే చిన్న బావమరిది పగ్గాలు తీసుకుని "ప్లాన్లూ గీన్లూ ఏం వద్దు బావా, అక్కడికెళ్లి చూసుకుందాం" అంటాడు. అందరూ చప్పట్లు కొడతారు. తీరా విశాఖలో దిగేది సోమవారం. కురుసురకి సోమవారం సెలవు, జూకి సోమవారం సెలవు. గేటుకి వేసిన తాళం ముందు నిలబడి ఒక ఫొటో తీసుకుని, మిట్టమధ్యాహ్నం ఇసకలోకి వెళ్లి కాళ్లు కాల్చుకుంటారు. రాత్రి లాడ్జి వెతుక్కునేటప్పటికి మిగిలిన గదులు మూడో అంతస్తులో, లిఫ్టు రిపేరులో. అప్పుడు ఆ కుర్రాడి మీద పడే మాటలు వింటే గమ్మత్తుగా ఉంటుంది: ఎవరినీ అడగడు, తన ఇష్టమే తనది, మా గురించి పట్టదు. నిరుడు బావగారిని అన్నవే, ఒక్క అక్షరం మారదు. కాగితం ఉన్నా తిట్టారు, లేకపోయినా తిట్టారు. మనిషి మారినా తిట్లు మారలేదంటే అవి ఆ కుర్చీకి తగిలేవే గాని మనిషికి కావని తేలిపోవడం లేదా?

ఇంతా అయ్యాక బావగారు కొంచెం సంస్కరించబడతారు. కొత్త తరం ఒత్తిడి మీద కాగితంలో ఒక గడి అదనంగా చేరుతుంది: 'సాయంత్రం 4.00 నుండి 5.30 వరకు ఎవరికి తోచినట్లు వారు తిరుగుట. ఆర్.కె. బీచ్ పరిధి దాటరాదు. 5.20కి సబ్‌మెరైన్ గేటు వద్ద హాజరు.' అందరూ హమ్మయ్య అనుకుని తలో దిక్కుకీ పోతారు. టూరులో మొదటిసారి ఆయన సంచులు పక్కన పెట్టుకుని, సిమెంటు బెంచీ మీద కూర్చుని, చెప్పులు విప్పుతారు. నాలుగూ అయిదుకి ఫోను మోగుతుంది. "బావగారూ, ఇక్కడ ముంత మసాలా ఎవరి దగ్గర బాగుంటుంది?" నాలుగూ పదికి తోడల్లుడు, కైలాసగిరి రోప్‌వే ఇప్పుడు వెళ్తే దొరుకుతుందా అని. నాలుగుంబావుకి అత్తగారు, పిల్లల ఫోనులోంచి: "నాయనా, మేం ఏం చూడాలో ఇందులో రాయలేదేం?"