సగం చందా సభ్యుడు

మా అటవీ అధికారుల సంఘం నుంచి పోయిన వారం ఉత్తరం వచ్చింది. కొత్త నిబంధన ప్రకారం ఇకమీదట నేను ‘విశ్రాంత సభ్యుణ్ణి’ట. చందా సగమే. పత్రిక వస్తుంది, భోజనాలకు పిలుస్తారు, ఓటు మాత్రం ఉండదు.

మా రోజుల్లో పెద్దాయన రిటైరైతే సంఘంలో ఆయన కుర్చీ ముందు వరుసకు జరిగేది. ఫారెస్టు బంగళా వరండాలో మీటింగు పెట్టుకుంటే, ఏ కూపులో ఏ నల్లమద్ది కొట్టాలో, దేన్ని విత్తనానికి వదలాలో ఆయన చెబితే మేం రాసుకునేవాళ్లం. నేలకు నాలుగున్నర అడుగుల ఎత్తున టేపు చుట్టి చుట్టుకొలత తీయడం, కోతకు వెళ్లే మానుకు బెరడు చెక్కి సుత్తితో ముద్ర కొట్టడం నల్లమలలో నాకు నేర్పింది అలాంటి ముసలి రేంజరుగారే. అప్పటికి ఆయన ఉద్యోగం దిగి ఆరేళ్లు. నేను టేపు వంకరగా చుడితే, ‘చెట్టుకు మొలతాడు కడుతున్నావుటోయ్?’ అనేవారు. మీకు ఓటుందా అని ఆయన్ని అడిగే మొనగాడు ఎవరు?

ఇప్పటి కుర్రాళ్ల తెలివిని కాదనను. అడవిలో మంట లేస్తే డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే వాళ్లు ఉపగ్రహంలో చూసి ఫోనుకే కబురు పంపుతున్నారు. మాకు పొగే కబురు. మాఘంలోనే ఫైర్‌లైన్లు శుభ్రం చేయించుకుని, చైత్రమంతా గుట్టల మీద కాపలా కాసేవాళ్లం. సరే, కబురందింది, వెళ్లి ఆర్పాల్సింది మనిషే కదా! ఏ వాగు దగ్గర మంట ఆగుతుందో, ఏ గట్టు మీద గాలి మళ్లుతుందో నన్నడిగితే చెబుతాను. అడగరు.

(మేం 58కే దిగిపోయాం. ఆంధ్రలో ఇప్పుడది 62. మా నాలుగేళ్లు మాకెవరిస్తారో!)

వెదురు సంగతే చూడండి. 1927 నాటి భారత అటవీ చట్టం దాన్ని చెట్ల లెక్కలో రాసింది. అది గడ్డిజాతి అని వృక్షశాస్త్రం మొత్తుకుంటున్నా, ఆ మాట చట్టంలోంచి తీసేయడానికి 2017 దాకా పట్టింది. తొంభై ఏళ్లు! నన్ను చెట్ల లెక్కలోంచి గడ్డి లెక్కలోకి మార్చడానికి ఒక్క ఉత్తరం సరిపోయింది.

‘పోనీలెండి, సగం డబ్బు మిగిలింది కదా’ అంది మా ఆవిడ. నేను మాత్రం ఈ ఏడాదీ పూర్తి చందాకే చెక్కు రాసి పంపాను. నిన్న సగం తిరిగొచ్చింది. రసీదు మీద ‘విశ్రాంత’ అని ముద్ర కొట్టారు.